చింతపండుతో తోమిన రాళ్లు

మా శాఖలో కొత్తగా చేరిన అమ్మాయి పోయిన నెల ప్రొద్దుటూరులో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు, నేను చేసి రిటైరైన ఉద్యోగమే. మొదటి పోస్టింగు. కాఫీ తాగి, సంచిలోంచి పుస్తకం, పెన్ను తీసి ఒకే ప్రశ్న అడిగింది: "సార్, బజారులో మొదట ఏ అంగట్లో తనిఖీ చేయమంటారు?"

నాకు నవ్వొచ్చింది. ఇదే ప్రశ్న నా ఉద్యోగపు తొలి రోజుల్లో ఎవరైనా నన్ను అడిగి ఉంటే టక్కున జవాబు చెప్పేవాణ్ని. అంగళ్ల పేర్లు వరసగా చదివి, యజమానుల గుణాలు కూడా కలిపి చెప్పేవాణ్ని. ఇప్పుడు మాత్రం "రాసిస్తాలేమ్మా" అన్నాను. ఇది ఆ రాత. ప్రమోషన్లు, బదిలీలు, ఫారాల నంబర్లు ఇందులో ఉండవు. అవి ఆఫీసులో ఎవరైనా చెబుతారు.

మూడు ఊళ్లు

నేను పుట్టింది వేంపల్లె దగ్గర, గొర్రెలు మేపుకునే ఇంట్లో. మా నాయన పొట్టేలును రెండు చేతులతో ఒకసారి లేపి దించి, ఎంత మాంసం పడుతుందో చెప్పేవాడు. పెద్దగా తేడా వచ్చేది కాదు. నాకు ఈ ఉద్యోగం వచ్చినప్పుడు ఆయన నా పెట్టెలోని ఇత్తడి తూకపురాళ్లను చూసి, "ఇంత చిన్నవాటికి సర్కారు జీతమిస్తాదా?" అని అడిగాడు. ఎగతాళి కాదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు.

నా పని ఎక్కువగా మూడు ఊళ్లలో సాగింది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల. ఊరి చరిత్ర తెలుసుకోవాలంటే శాసనాలు చదవాలంటారు. నాకు శాసనాలు చదవడం రాదు. ఊరు దేన్ని తూస్తుందో, దేన్ని కొలుస్తుందో చూస్తే ఆ ఊరు ఎట్లా బతుకుతుందో తెలిసిపోతుంది.

జమ్మలమడుగులో ఆర్డీవో ఆఫీసుంది, కోర్టుంది, మగ్గాలున్నాయి, చుట్టుపక్కల నల్లబండల పాలిష్ ఫ్యాక్టరీలున్నాయి. ఆ ఊరిది అడుగుబద్ద, టేపు. పులివెందులది చీనీకాయలు (బత్తాయిలు), అరటిగెలలు తూచే పెద్ద కాటా. ప్రొద్దుటూరు ఒకప్పుడు పత్తి ఊరు. పత్తి మిల్లులు కొన్ని మూతపడి కల్యాణ మండపాలయ్యాయి. కానీ బంగారం మాత్రం నిలిచింది. రెండో బొంబాయి అని మావాళ్లు గొప్పగా చెప్పుకుంటారు.

ఓడరేవు లేని ఈ చిన్న ఊళ్లో బంగారు అంగళ్లు వీధులకు వీధులు ఎందుకున్నాయని నన్ను బయటివాళ్లు శానామంది అడిగారు. నాకు తోచిన జవాబు ఇది. మా సీమ రైతు వానను నమ్మడు. పంట బాగా వచ్చిన ఏడు ఆ పంటను బంగారం చేసి పెళ్లాం మెడలో వేస్తాడు. వాన ఎగ్గొట్టిన ఏడు అదే గొలుసు అదే వీధికి తెచ్చి అమ్ముతాడు. వాన ఎట్లా ఆడితే బజారు అట్లా ఆడుతుంది. కర్నూలు, అనంతపురం వైపు నుంచి కూడా పెళ్లి నగలకు ఈడికే వస్తారు. వాళ్లు వచ్చేది నగిషీ కోసం కాదు. ప్రొద్దుటూరు తూకం సరిగ్గా ఉంటుందన్న మాట కోసం. ఆ ఒక్క మాట పోతే ఆ వీధిలో మిగిలేవి గోడలు, గాజు బీరువాలు.

సూటు

పులివెందులలో నా మొదటి పెద్ద తనిఖీ చీనీ మండీలో. ఒక రైతు నా చేయి పట్టుకుని, "సార్, మా కాయలు తోటలో ఎక్కువుంటాయి, ఈడికొస్తే తగ్గుతాయి. కాటా సూడు" అన్నాడు. నేను రాళ్లు పెట్టి చూశాను. కాటా పక్కాగా ఉంది. ఇంకోసారి చూశాను. పక్కాగానే ఉంది.

"కాటా సరిగ్గా ఉండాదప్పా" అన్నాను.

"మరి సూటు?" అన్నాడు.

సూటంటే తరుగు కింద టన్నుకు ఇంత అని వ్యాపారి ముందే తీసేసుకునే కాయలు. అది రాతలో ఉండదు, కాటా మీద కనబడదు. అందరూ ఒప్పుకున్న ఆచారం. నేను కాటాకు ముద్ర కొట్టి వచ్చేశాను. ఆ రైతు నా వెనకాలే జీపు దాకా వచ్చి, "కాటాకు ముద్ర కొట్టినావు, మాకేం కొట్టినావు సార్?" అన్నాడు. ఆ మాట మీద నాకు కోపమొచ్చింది. ఆయనకు చట్టం తెలియదనుకున్నాను. తప్పు కాటాలో లేకుండా కూడా తూకం తప్పవచ్చునని నాకు ఆ రోజే తెలిసి ఉండాల్సింది. తెలియలేదు. అట్లా తెలియకపోయినందుకే తర్వాతి కథ జరిగింది.

కాశీం సాబు అరుగు

ప్రొద్దుటూరు బంగారు బజారులో ఒక పద్ధతి ఉండేది. అంగట్లో నగ కొన్న మనిషి నేరుగా బస్టాండుకు పోయేవాడు కాదు. బజారు మొదట్లో ఒక అరుగుంది. దాని మీద అద్దాల పెట్టెలో ఒక త్రాసు, దాని వెనక కాశీం సాబు. నగ ఆయన ముందు పెడితే తూచి, ఎంత ఉందో చెప్పేవాడు. దాన్ని ధర్మకాటా అనేవాళ్లు. ఆయన బంగారం కొనడు, అమ్మడు, ఫలానా అంగడి మంచిదని చెప్పడు. తూకం ఒక్కటే చెబుతాడు. అంగళ్ల వాళ్లు కూడా, "అనుమానముంటే సాబు దగ్గర తూపించుకో పోమ్మా" అని వాళ్లే పంపేవాళ్లు.

దువ్వూరు నుంచి వచ్చిన ఆడవాళ్లు చెప్పులు విడిచి ఆ అరుగు ఎక్కడం నేను చూశాను. "ఎంతుండాది సాబూ?" అని అడిగి, ఆయన చెప్పగానే ఇంకో మాట లేకుండా దిగిపోయేవాళ్లు.

ఆయనకు ముందు ఆయన తండ్రి పీరాన్ సాబు అదే అరుగు మీద కూర్చునేవాడు. నేను వచ్చేనాటికి ముసలాయనకు చూపు పోయింది. అయినా రోజూ వచ్చి కొడుకు పక్కన గోడకు ఆనుకుని కూర్చునేవాడు. పట్టకారు రాయిని తాకే చప్పుడు, రాయి పళ్లెంలో దిగే చప్పుడు వింటూ ఉండేవాడు. చప్పుడు కాస్త గట్టిగా వస్తే, "మెల్లగా రా" అనేవాడు.

కాశీం ఎప్పుడూ రాయిని చేత్తో ముట్టేవాడు కాదు. "చేతి చెమట రాయిని తింటాది సార్" అనేవాడు. ఇది మా శాఖ పుస్తకంలో కూడా ఉన్న మాటే. నేను పరీక్ష కోసం చదివి, పరీక్ష అయ్యాక వదిలేశాను.

ఇక్కడ ఒక మాట. మా వైపు సార్ అంటూనే నువ్వు అంటారు. కోస్తా నుంచి వచ్చినవాళ్లకు అది అమర్యాదలా వినబడుతుంది. కాదు. నొచ్చుకోవద్దు.

ఆయుధ పూజ

నా ఆఫీసులో ఓబులేసు అనే అటెండరుండేవాడు. నాకన్నా పదేళ్లు పెద్ద. గండి ఆంజనేయస్వామి భక్తుడు. శ్రావణమాసం శనివారాల్లో ఆఫీసులో కనబడేవాడు కాదు. మనిషి మంచివాడు, పని దొంగ కాదు.

ఏటా దసరాకు ఆయుధ పూజ రోజున ఓబులేసు మా ప్రమాణపు రాళ్లను బయటికి తీసేవాడు. ప్రమాణపు రాళ్లంటే అంగళ్లలోని రాళ్లను దేనితో పోల్చి చూస్తామో అవి. చింతపండు నానబెట్టి, సన్నని ఇటుకపొడి కలిపి, ఒక్కొక్క రాయినీ కూర్చుని తోమేవాడు. కడిగి, తుడిచి, పసుపు కుంకుమ పెట్టి పీట మీద వరసగా పేర్చేవాడు. అవి తళతళలాడుతుంటే నాకు కళ్లు చల్లబడేవి. లారీ డ్రైవరు లారీ కడుక్కుంటాడు, కంసాలి సుత్తి కడుక్కుంటాడు, నేసేవాళ్లు మగ్గానికి బొట్టు పెడతారు. మేము రాళ్లు తోముకున్నాం. ఒక ఏడు, "పిడి కింద ఇంకా నలుపుండాది ఓబులేసూ, ఇంకోసారి తోము" అన్నది కూడా నేనే.

ఆ రాళ్లను ఏటా ప్రయోగశాలకు తీసుకుపోయి సరిచూపించుకోవాలి. పెట్టె ఒళ్లో పెట్టుకుని బస్సులో అంత దూరం పోవాలి. వచ్చే నెల పోదాంలే అనుకుంటూ కొన్నేళ్లు జరిపేశాను. నన్నెవరూ ఆపలేదు. తప్పు పూర్తిగా నాది. ఇంకెవరి మీదా తోయను.

"కనబడతాండేది తేడా"

బజారులో పెద్ద అంగడి సుబ్బరామయ్య శెట్టిది. వర్తకులందరికీ ఆయన మాటంటే గురి. ఒక రోజు ఆఫీసుకు వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు.

"సార్, కాశీం సాబు కాటాలో మా నగలు ఒక బియ్యపుగింజంత తక్కువ వస్తాండాయి. నాకొక్కనికే కాదు, అందరికీ. మా రాళ్లకు నువ్వే ముద్ర కొట్టినావు. ఆయన రాళ్లు కూడా ఒకసారి సూడు."

ఆయన మాటలో మోసం లేదు. మా రాళ్లతో పోల్చి ముద్ర వేయించుకున్నాడు, మరి తేడా ఎందుకు వస్తోందని అడుగుతున్నాడు. ఆయన చోట నేనున్నా అదే అడుగుతాను.

మరుసటి రోజు మధ్యాహ్నం, బజారు నిండుగా ఉన్న సమయంలో, నేను పెట్టె తీసుకుని ఆ అరుగు ఎక్కాను. పొద్దున్నే పోయి ఉండొచ్చు. జనం చూడాలనే ఆ సమయం ఎంచుకున్నానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. కాశీం త్రాసులోనే ఒక పళ్లెంలో నా రాయి, ఇంకో పళ్లెంలో ఆయన రాయి పెట్టించాను. ఆయన పళ్లెం దిగింది. రాళ్లు అటూ ఇటూ మార్చి పెట్టించాను. మళ్లీ ఆయన రాయి ఉన్న వైపే దిగింది.

"నీ రాయి బరువుండాది సాబూ. అందుకే అందరి నగలూ నీ దగ్గర తక్కువ తూగుతాండాయి" అన్నాను.

"లేదు సార్" అన్నాడు.

"కంటికి కనబడతాంటే లేదంటావేంది?"

"కనబడతాండేది తేడా సార్. అది ఎవరి రాయిదో కనబడదు." గొంతు తగ్గించి అన్నాడు: "మీ రాయిని కూడా యాడన్నా ఒకసారి తూపించు సార్."

నాకు కళ్లు నెత్తికెక్కాయి. "సర్కారు రాయినే తూపించమంటావా?" అని అందరికీ వినబడేటట్టు అరిచాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. గోడకు ఆనుకున్న ముసలాయన తల ఎత్తి, "ఏందిరా కాశీం?" అన్నాడు.

"ఏం లేదు నాయనా" అన్నాడు కాశీం.

ఆయన రాళ్లన్నీ గుడ్డలో చుట్టి, లక్కతో సీలు వేసి జప్తు చేశాను. అరుగు స్తంభానికి నోటీసు అంటించాను. తప్పు ఒప్పుకుని సంతకం పెడితే చిన్న జరిమానాతో పోయేది. "చేసింటే పెడతా సార్. చేయలేదు" అన్నాడు. కేసు కోర్టుకు పోయింది. ఆ సాయంత్రం ఇంటికి పోయి నేను నిశ్చింతగా భోంచేశాను.

ఆ తర్వాత

దొంగ కాటా అన్న పేరు రావడానికి ఒక మధ్యాహ్నం చాలింది. జనం అరుగు ఎక్కడం మానేశారు. ఎదుటివాళ్ల నగ తూచే మనిషికి పేరు తప్ప ఇంకే సరుకూ ఉండదు. కొన్నాళ్లకు ఆ అరుగు మీద కూల్‌డ్రింకుల పెట్టె వచ్చింది. కాశీం ఇల్లు ఖాళీ చేసి బావమరిది ఊరు జమ్మలమడుగుకు పోయాడని విన్నాను. ఏడాది తిరక్కముందే పీరాన్ సాబు పోయాడని కూడా విన్నాను. "పాపం" అన్నాను. అని మళ్లీ పనిలో పడ్డాను.

రెండేళ్ల తర్వాత మాకు కొత్త పై అధికారి వచ్చాడు. కోనసీమ మనిషి. సన్నగా, నెమ్మదిగా మాట్లాడేవాడు. ఓబులేసు చాటుగా ఆయన యాసను అనుకరించి నవ్వించేవాడు. తనిఖీకి వచ్చినప్పుడు అందరు అధికారుల్లాగా ఆయన అంగళ్ల జాబితా అడగలేదు.

"ముందు మీ రాళ్లు చూపించండి" అన్నాడు.

నేను గర్వంగా పెట్టె తెరిచాను. ఆయన ముఖంలో మెచ్చుకోలు కోసం చూశాను. ఆయన వంగి చాలాసేపు చూశాడు.

"ఏంటండీ, ఇవి ఇంతలా మెరుస్తున్నాయి?"

"ఏటా తోమిస్తామండీ" అన్నాను.

"దేంతో?"

చెప్పాను. ఆయన తిట్టలేదు. తన వెంట తెచ్చుకున్న సీలు పెట్టెలోని రాళ్లు తీసి, నా రాళ్లను ఒక్కొక్కటిగా తూచాడు. పెద్దవి అన్నీ తేలిక. ఒక్కొక్కటి బియ్యపుగింజంత, కొన్ని ఇంకాస్త. చింతపండు, ఇటుకపొడి దసరాకొకసారి కొంచెం కొంచెం కొరుక్కు తిన్నాయి.

నేను బీరువా దగ్గరికి పోయి, అడుగు అరలో ఉన్న గుడ్డ మూట తెచ్చి ఆయన ముందు పెట్టాను. "ఇవి కూడా చూడండి" అన్నాను. కాశీం రాళ్లు. సీలు విప్పి తూచాడు. వెంట్రుకవాసి కూడా తేడా లేదు.

"ఇవి ఎవరివండీ?" అని అడిగాడు.

కాశీం సాబు సంగతంతా చెప్పాను. అంగళ్ల వాళ్లు నా రాయిని నమ్మి వాళ్ల రాళ్లను అరగదీయించుకున్నారు. నా రాయికి లొంగని మనిషి ఒక్కడే. ఆ ఒక్కణ్ని నేను బజారు నుంచి వెళ్లగొట్టాను. తేడా బియ్యపుగింజంతే, దాంతో ఏ ఇల్లూ కూలదు, నిజమే. కానీ ఒక ఇల్లు కూలింది.

అధికారి మళ్లీ మూట కట్టి, కొత్త సీలు వేసి నాకిచ్చాడు. "నియమం ప్రకారం ఇవి ఆయనకు వాపసు ఇవ్వాలి. కేసు కూడా వెనక్కి తీసుకోవాలి. మీ మీద చర్య ఉంటుంది" అన్నాడు. చర్య తీసుకున్నారు. తీసుకోవాల్సిందే.

ఓబులేసుకు నేనే చెప్పాను. ముసలిమనిషి బెంచీ మీద కూలబడిపోయాడు. "సామికి చేసినట్టు చేసినా సార్" అని కళ్లు తుడుచుకున్నాడు. "నీ తప్పు కాదు, ఇంకోసారి తోమమన్నది నేను" అన్నాను.

జమ్మలమడుగులో

కాశీం ఒక బండల ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. పాలిష్ మిషన్ల రొద, నేలంతా తెల్లటి బురద. చెవి మీద సుద్దముక్క, చేతిలో టేపు. కోసిన బండలను కొలిచి అంకెలు రాస్తున్నాడు. వేళ్లు పగిలి ఉన్నాయి. బియ్యపుగింజ తేడా పట్టిన చేయి అడుగుల్లో కొలుస్తోంది. నేను ఆయన ముఖంలోకి చూడలేకపోయాను.

"సాబూ, నా రాయే తేలిక. నీవి సరిగ్గా ఉండాయి" అన్నాను.

ఆయన టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. కోప్పడతాడేమోనని ఎదురుచూశాను. కోప్పడి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

"నాకు తెలుసు గదా సార్" అన్నాడు.

నేను సంచిలోంచి మూట తీసి చాచాను. ఆయన దాని వైపు చూశాడు గానీ చేయి చాపలేదు.

"మా నాయన పోయేటప్పుడు కూడా అడిగినాడు సార్. మన రాళ్లు ఇచ్చినారా అని. ఇంకా లేదు నాయనా అని చెప్పినా." "ఈడ తీసుకోను సార్. యాడ తీసుకున్నావో ఆడ ఇయ్యి."

"బజారులోనా?"

"ఆడే గదా నువ్వు అరిచింది."

శెట్టి మాట

ఈ సంగతి సుబ్బరామయ్య శెట్టికి చెప్పక తప్పలేదు. ఆయన ముఖం పాలిపోయింది. తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చున్నాడు.

"సార్, పెళ్లిళ్ల కాలం వస్తాండాది. యాడ యాడ నుంచో జనం ఈ ఊరి తూకాన్ని నమ్మి వస్తాండారు. నీ రాయే తప్పని నువ్వే బజారులో నిలబడి చెప్తే, నీ ముద్ర ఉండే రాళ్లన్నీ తప్పనే గదా? ఈ వీధిలో ఎంతమంది బతుకుతాండారో నీకు తెలీదా? కంసాలోళ్లు, పాలిష్ పట్టేటోళ్లు, టీ అంగట్లో వాళ్లు. గుట్టుగా రాళ్లు మార్చేద్దాం. సాబుకు నా అంగట్లో పనిస్తా, నెత్తిన పెట్టుకుంటా."

ఇది చెడ్డమనిషి మాట కాదు. అదే దాని కష్టం. నేను నాలుగు రోజులు తిండి సయించక తిరిగాను. ఒక మనిషి పేరు నిలబెట్టడానికి ఊరి పేరు మీద మట్టి పోయవచ్చునా? నా భయం కూడా అందులో కలిసి ఉంది. నేను నిజంగా ఊరి కోసం ఆలోచిస్తున్నానా, నా మొహం కాపాడుకోవడానికి ఊరిని అడ్డం పెట్టుకుంటున్నానా అన్నది నాకే తేలలేదు. పై అధికారిని అడిగితే, "వాపసు ఇవ్వాలని ఉంది గానీ ఎక్కడ ఇవ్వాలో నియమంలో లేదండీ. అది మీరే తేల్చుకోండి" అన్నాడు.

చివరికి నాకు దారి చూపింది దువ్వూరు ఆడవాళ్లు. అంటే వాళ్లెవరూ వచ్చి ఏమీ చెప్పలేదు. బజారులో నడుస్తుంటే, ఒకామె కొత్త గొలుసు కొంగున కట్టుకుని ఆ అరుగు దగ్గర నిలబడి, కూల్‌డ్రింకుల పెట్టె వైపు అయోమయంగా చూస్తోంది. "సాబు యాడికి పోయినాడు?" అని అడిగింది నన్ను. ఆమెకు గొడవ తెలియదు. చాలా కాలానికి బజారుకు వచ్చినట్టుంది. ఊరి పేరును కాపాడిందెవరో అప్పుడు తట్టింది. నా ముద్ర కాదు. కొన్న మనిషి ఇంకోచోట తూపించుకోవచ్చునన్న ధైర్యం. ఆ ధైర్యాన్ని నేనే ఎత్తుకుపోయి బీరువాలో పెట్టాను.

అదే అరుగు

నేను కబురు పెడితే కాశీం జమ్మలమడుగు బస్సు దిగి, త్రాసు పెట్టెను దుప్పట్లో చుట్టుకుని వచ్చాడు. కూల్‌డ్రింకులతను తన పెట్టె పక్కకు జరిపాడు. మధ్యాహ్నం, బజారు నిండుగా ఉన్న అదే సమయం. నేను అరుగు ఎక్కాను.

"రెండేళ్ల కిందట ఈడ నిలబడి కాశీం సాబు రాయి తప్పన్నాను. తప్పింది నా రాయి. అరిగిపోయింది నాది. సాబుది సరిగ్గా ఉండాది" అన్నాను. మూట ఆయన చేతిలో, నా పాత రాయి అరుగు మీద పెట్టాను.

కాశీం సీలు విప్పాడు. పట్టకారుతో తన రాయి ఒక పళ్లెంలో, నా పాత రాయి ఇంకో పళ్లెంలో పెట్టాడు. ఆ రోజు దిగినట్టే దిగింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన చూపు గోడ వైపు పోయింది. అక్కడ ముసలాయన తల ఆనించిన చోట సున్నం మీద ఇంకా నూనె మరక ఉంది.

"మా నాయన వినలేదు సార్ ఇది" అన్నాడు.

నేను ఏడ్చాను. బజారులో, ఇన్‌స్పెక్టరు ఏడవకూడదన్నది తెలిసే ఏడ్చాను.

కాసేపటికి జనంలోంచి సుబ్బరామయ్య శెట్టి వచ్చాడు. చేతిలో తన అంగడి రాళ్ల పెట్టె. అరుగు మీద పెట్టి, "సూడు సాబూ" అన్నాడు. ఆయన వెనకాలే ఇంకొకరు, ఇంకొకరు. కొత్త రాళ్లు వచ్చేదాకా ఎవరిది ఎంత తేడానో చీటీ రాసుకున్నారు. ఆ పెళ్లిళ్ల కాలంలో కొంతమంది నంద్యాల పోయి కొనుక్కున్న మాట నిజం. ఏడాది తర్వాత వాళ్లే తిరిగొచ్చారు. అరుగు మీద మనిషి ఉన్నాడని వచ్చారు.

అమ్మాయికి జవాబు

ఇప్పుడు అన్నీ ఎలక్ట్రానిక్ కాటాలు. హాల్‌మార్కులు వచ్చాయి. కాశీం సాబు దగ్గర కూడా అంకెలు చూపించే కాటానే. అయినా రోజూ పొద్దున మొదట తన పాత ఇత్తడి రాయి దాని మీద పెట్టి చూస్తాడు. మెరిసే అంకెను కూడా నమ్మడు. నాకది నచ్చుతుంది.

అమ్మా, బజారులో మొదట ఏ అంగడి చూడాలని అడిగావు. మొదట నీ పెట్టె తెరువు. నీ రాయి తప్పైతే నువ్వు ఎంత నిజాయితీగా పనిచేస్తే అంత అన్యాయం చేస్తావు. ఎవరైనా "మీది కూడా ఒకసారి చూపించుకోండి" అంటే కోపం తెచ్చుకోవద్దు. కోపమొస్తే ఆ రోజే బస్సెక్కి ప్రయోగశాలకు పో. ఆయుధ పూజ బాగా చేసుకో. కుంకుమ పెట్టెకు పెట్టు, రాయికి వద్దు. పులివెందులలో సూటు గురించి రైతు అడిగితే చట్టం చెప్పి జీపెక్కేయకు. కాసేపు నిలబడి విను. నేను నిలబడలేదు.

నా చివరి పనిరోజున, ఆఫీసులో దండలు వేయకముందే, నేను పెట్టె తీసుకుని ఆ అరుగు దగ్గరికి పోయాను. కొత్తవారికి అప్పజెప్పబోయే రాళ్లు అవి. రూలు ప్రకారం ఆయనకు చూపించాల్సిన అవసరమేమీ లేదు. కాశీం గడ్డం పూర్తిగా తెల్లబడింది. నేను పెట్టె ఆయన ముందు పెట్టి, చెప్పులు విడిచి, గోడ పక్కన కూర్చున్నాను.

ఆయన మూలనున్న అద్దాల పెట్టె మీది గుడ్డ తీశాడు. పాత త్రాసులో పెద్ద రాయి నుంచి చిన్న రాయి దాకా, పట్టకారుతో, ఒక్కొక్కటిగా తూచాడు. రాయి చప్పుడు లేకుండా దిగుతోంది. అన్నీ అయ్యాక వాటిని గుంతల్లో సర్ది, మూత వేసి నా వైపు జరిపాడు.

"సమంగా ఉండాయి" అన్నాడు. "పో సార్ ఇంక."